‘లీకైన రెవెన్యూ ఫైళ్ళు’ అమ్ముతున్న సైటు: నమ్మొచ్చా? మా నాయన డబ్బు కట్టేటట్టున్నాడు

పెన్నగట్టు
అందరికీ నమస్తే. మాది మైదుకూరు పక్కన పల్లె. మా అబ్బకు 1978లో డీకేటీ పట్టా, అంటే సర్కారు భూమిని సాగుకిచ్చే (అసైన్డ్) పట్టా ఇచ్చినారు, 3 ఎకరాల 40 సెంట్లు. అప్పటినుంచీ సాగులో ఉండేది మేమే. 20 ఏళ్ళు దాటిన అసైన్డ్ భూములకు పూర్తి హక్కు అని 2023లో చట్టం మార్చినారు కదా, మా నాయన అప్పుడే చెల్లెలి పెండ్లికి ఎకరా అమ్ముదామని లెక్కలేసుకున్యాడు. 2024లో ఆ రిజిస్ట్రేషన్లు ఆపేసినారు. ఇప్పుడు రిజిస్ట్రారాఫీసుకు పోతే 22ఏలో, అంటే రిజిస్ట్రేషన్ చెయ్యకూడని భూముల జాబితాలో ఉంది అంటారు. తాలూకాఫీసుకు పోతే ఫైలు దొరకలేదు, వచ్చే వారం రా అంటారు. ఆ వచ్చే వారం యాన్నాడు వస్తాదో.

మొన్న మా మామ ఒక సైటు లింకు పంపించినాడు. పేరు రాయను, ఊరికే ప్రచారం ఎందుకు. రెవెన్యూ ఆఫీసుల నుంచి బయటికొచ్చిన లక్షల ఫైళ్ళు మా దగ్గర ఉన్నాయి అని పెద్దక్షరాల్లో ఉండాది. జిల్లా, ఊరు, సర్వే నంబరు కొడితే ఒక కాగితం మసకమసకగా చూపిస్తాది. మా అబ్బ పేరు, ఇంటిపేరు, విస్తీర్ణం అన్నీ కరెక్టు. పూర్తి ఫైలు కావాలంటే 1,499 కట్టి, ఆధార్ కాపీ పెట్టాలంట.

నేను మోసం అంటున్నా. మా నాయన ఒకే మాట: ‘మోసమైతే మీ అబ్బ పేరు వానికెట్ల తెలుస్తాది రా?’ దానికి జవాబు చెప్పలేకపోయినా.

కేసీ కాలువ
తమ్ముడూ, తొందరపడి కొట్టిపారేయొద్దు. మన ఆఫీసుల్లో ఫైళ్ళు ఎట్ల మాయమవుతాయో తెలీనోడు ఎవడున్నాడు? 2024 జులై 21 రాత్రి మదనపల్లె సబ్ కలెక్టరాఫీసులో ఫైళ్ళు కాలిపోయినాయి, సీఐడీ దాకా పోయింది వ్యవహారం. ఎవడో ఒక ఉద్యోగి మనసున్నోడు ముందే స్కాన్ చేసి పెట్టుకోనుంటే? మాది చుక్కల భూమి. ఆర్‌ఎస్‌ఆర్‌లో, అదే పాత రీసెటిల్‌మెంట్ రిజిస్టరులో మా నంబరు ఎదుట పేరుండాల్సిన చోట చుక్కలు. 2017లో దానికోసమే చట్టం చేసినారు. అప్పటినుంచి తిరుగుతానే ఉండా. సర్కారోడు ఇయ్యని కాగితం దొంగోడు ఇస్తానంటే వింటే తప్పేంది?

బెంగుళూరు రాత్రి బస్సు
పెన్నగట్టూ, మీ నాయన ప్రశ్నకు జవాబు ఒక్క ముక్క: మీభూమి, సర్కారు భూ రికార్డుల సైటు. 2015 నుంచి అడంగల్ (సాగు లెక్క), 1బి (హక్కుల లెక్క) నెట్‌లో ఉన్నాయి. ఊరు, సర్వే నంబరు కొడితే ఖాతాదారు పేరు, విస్తీర్ణం ఎవరికైనా కనిపిస్తాయి. నువ్వు ఇచ్చిన నంబరునే అక్కడ వెతికి, దొరికిన పేరు తెచ్చి మసక కాగితం మీద అతికించడం ఒక ప్రోగ్రామ్‌కు రెండు సెకన్ల పని. పేరు కరెక్టుగా ఉందంటే మీభూమి కరెక్టుగా ఉందని అర్థం, అంతే.

లింకు మెసేజ్‌లో పంపు, చూసి చెప్తా.

(గంట తర్వాత) చూశాను. డొమైన్, అంటే సైటు అడ్రసు కొని 19 రోజులైంది. ఎవరు కొన్నారో దాచిపెట్టారు. తాళం గుర్తు ఉంది కదా అని మీ మామ అనొచ్చు. ఆ తాళం సర్టిఫికెట్టు ఉచితంగా వస్తుంది, దొంగకూ వస్తుంది. మధ్యలో ఎవరూ వినలేరని దాని అర్థం. అవతలివాడు మంచోడని కాదు.

కేసీ కాలువ
19 రోజులైతే? లీకు చేసేవాళ్ళ సైటు మూసేస్తారు, వాళ్ళు మళ్ళీ ఇంకోటి తెరుస్తారు. పేరు దాచుకోవడం కూడా నేరమేనా? 2016లో విదేశీ కంపెనీల్లో పెద్దోళ్ళు దాచిన ఆస్తుల గుట్టు, పనామా పేపర్లు, బయటపెట్టినోడు ‘జాన్ డో’ అని పెట్టుకున్యాడు, ఇప్పటికీ వాడెవడో బయటికి రాలేదు. కోటీ 15 లక్షల పత్రాలు, అన్నీ నిజమే కదా. పేరు చెప్తే ఉద్యోగం పోతాది, పాణం పోతాది.

బెంగుళూరు రాత్రి బస్సు
నిజమే అన్నా, పేరు దాచుకోవడం ఒక్కటే చూసి మోసం అనలేం. కానీ ఆ పనామావాడు పత్రాలకు డబ్బు తీసుకోలేదు. ఒక జర్మన్ పత్రికకు ఇచ్చాడు, వాళ్ళు వేరే దేశాల విలేకర్లను కలుపుకొని ఏడాది పాటు కంపెనీల రికార్డులతో, కోర్టు కాగితాలతో పోల్చి చూశాకే అచ్చేశారు. ఇక్కడ పోల్చి చూడ్డానికి ఏమీ చూపడం లేదు. మసక, దాని మీద క్యూఆర్ కోడ్.

ఆ పనామా గొడవలోనే ఇంకో ముచ్చట ఉంది. అప్పటి పాకిస్తాన్ ప్రధాని నవాజ్ షరీఫ్ కుటుంబం 2006 ఫిబ్రవరి తేదీతో ఒక దస్తావేజు చూపించింది. అందులోని అక్షరాలు కాలిబ్రీ ఫాంట్. ఆ ఫాంట్ జనంలోకి వచ్చింది 2007లో. విచారణలో అక్కడ దొరికిపోయారు.

చింతచెట్టు నీడ
రెవెన్యూలో 31 ఏళ్ళు పనిచేసి డీటీగా (డిప్యూటీ తహసీల్దారు) రిటైరయినాను. పెన్నగట్టు గారూ, ఆ మసక కాగితంలో చదవగలిగిన లైన్లు ఉన్నవి ఉన్నట్టు ఇక్కడ కొట్టండి. అక్షరం మార్చొద్దు.

పెన్నగట్టు
పైన మూడు లైన్లు, కింద ఒకటి చదవొచ్చు సార్:

‘వై.ఎస్.ఆర్. జిల్లా, మైదుకూరు మండల తహసీల్దారు వారి ఉత్తర్వులు. తేది: 16-08-1992. విషయం: 22-ఏ నిషేధిత జాబితా నుండి తొలగింపు.’

కింద సంతకం, గుండ్రటి సీలు, ‘తహసీల్దారు’.

చింతచెట్టు నీడ
నవ్వొచ్చింది, ఏమనుకోవద్దు.

1992లో మన జిల్లా కడప. ఇంగ్లీషులో అయితే ‘కుద్దపా’ అని చదివేటట్టు పాత దొరల స్పెల్లింగు. అది మార్చింది 2005లో. జిల్లాకు వై.ఎస్.ఆర్. పేరు వచ్చింది 2010లో. ఆ కాగితం పుట్టేనాటికి ఆయన కడప ఎంపీగా రాజకీయం చేసుకుంటున్నారు.

రెండోది. 1985లో తాలూకాలు తీసేసి మండలాలు పెట్టినారు. అప్పటినుంచి చాలా ఏళ్ళు ఆ కుర్చీ పేరు మండల రెవెన్యూ అధికారి, ఎమ్మార్వో. తహసీల్దారు అనే హోదా మళ్ళీ తర్వాత తెచ్చినారు. జనం ఇప్పటికీ తాలూకాఫీసు అంటారు, మీరూ అట్లే రాసినారు, అది నోటి అలవాటు. సీలు మీద అలవాటు ఉండదు. 1992లో నేను ఎమ్మార్వో ఆఫీసులో జూనియర్ అసిస్టెంటుని, ఆ సీలు రోజుకు వందసార్లు గుద్దేవాణ్ణి. ఇంకుప్యాడు ఎండిపోతే నీళ్ళు చల్లి గుద్దేది. మూడు పదాలూ ఇప్పటికీ కళ్ళ ముందే ఉన్నాయి.

మూడోది అన్నిటికంటే ఘోరం. రిజిస్ట్రేషన్ చట్టంలో ఇప్పుడున్న 22ఏ మన రాష్ట్రంలో 2007 సవరణతో వచ్చింది. అంతకు ముందు 1999లో ఒకసారి పెట్టినారు గానీ కోర్టులో నిలబడలేదు. 1992లో లేని జాబితాలోంచి మీ భూమిని ఎట్ల తీసినారు?

బెంగుళూరు రాత్రి బస్సు
ఇంకోటి సార్. 16-08-1992 ఆదివారం. ముందురోజు జెండా పండగ. ఆఫీసు ఎవరు తెరిచారో!

చింతచెట్టు నీడ
ఆదివారం ఉత్తర్వులు మేమూ రాసినాం లెండి, కలెక్టరు క్యాంపుకొస్తే. దాన్ని పట్టుకోవద్దు.

కేసీ కాలువ
సార్, మీ అనుభవానికి దండం. కానీ పాత కాగితం చెదలు పట్టిపోయుంటే మళ్ళీ టైపు చేసుకోని ఉండొచ్చు కదా? అప్పుడు తర్వాత వచ్చిన పేర్లు పడతాయి.

చింతచెట్టు నీడ
మంచి ప్రశ్న. నకలు తీసేటప్పుడు పాత కాగితంలో తప్పుంటే ఆ తప్పు కూడా రాయాలి. అదీ నకలంటే. పైన ‘నిజప్రతి’ అని, కింద ఎవరు రాసినారు, ఎవరు సరిచూసినారు అని ఉంటుంది. చెదలు తిన్న చోట ఖాళీ వదిలి ‘శిథిలం’ అని రాసేవాళ్ళం. జిల్లా పేరు మార్చే హక్కు నకలు రాసేవాడికి లేదు.

పొద్దుటూరు అక్క
మీరంతా కాగితం గురించే మాట్లాడుతున్నారు. ఆధార్ సంగతి ఎవరూ అనలేదు. మా మరిది ఇట్లాంటిదే ఇంకో చోట 2,000 కట్టినాడు. ఫైలు రాలేదు, ‘సీలు ఛార్జీ’ అని ఫోను వచ్చింది. అదీ కట్టినాడు. తర్వాత ‘వేలిముద్ర ఫోటో పంపండి, వెరిఫికేషన్’ అన్నారు. అప్పుడు మా చెల్లెలు ఫోను లాక్కునింది. దస్తావేజుల మీది వేలిముద్రలు తీసి, రబ్బరు అచ్చు చేసి, ఆధార్‌తో బ్యాంకులో డబ్బు లాగిన కేసులు మన తెలుగు రాష్ట్రాల్లోనే అయినాయి. మీ నాయనకు చెప్పు నాయనా, 1,499 పోతే పోయింది, వేలిముద్ర పోకుండా చూసుకోమను. ఆధార్ యాప్‌లో వేలిముద్ర ఎవరూ వాడకుండా ఆపే బయోమెట్రిక్ లాక్ ఉంటుంది, ఈ రోజే వేయి.

బెంగుళూరు రాత్రి బస్సు
ఒక పని చెయ్ పెన్నగట్టూ. జిల్లా పేరూ, హోదా పేరూ వాడు రేపు సరిచేసుకోవచ్చు. ఈ చర్చ చదివినా చాలు, దిద్దుకుంటాడు. వాడు దిద్దుకోలేని పరీక్ష ఒకటుంది. మీ ఊళ్ళో లేని సర్వే నంబరు కొట్టు.

పెన్నగట్టు
మా ఊరికి చివరి నంబరు 612. రాత్రి మా నాయన్ను పక్కన కూర్చోబెట్టుకోని 4000 కొట్టినా. చక్రం తిరిగింది, తిరిగింది. ‘1 ఫైలు దొరికింది. తేది: 16-08-1992.’ పేరు చోట ఖాళీ, మిగతాది అదే కాగితం, అదే సంతకం, సీలు అదే వంకర. మళ్ళీ 7777 కొట్టినా. అదే.

మా నాయన కళ్ళద్దాలు తీసి తుడుచుకోని మళ్ళీ చూసినాడు. ‘ఇంత ఊరెప్పుడైంది మనది’ అన్యాడు. అంతే, లేచిపోయి పండుకున్యాడు.

కేసీ కాలువ
సరే, ఈ సైటు మోసం. ఒప్పుకుంటున్నా. కానీ నేను మొదట చెప్పింది ఇంకా ఉంది. నిజమైన లీకు ఒకటి దొరికిందనుకోండి. దాంతో రిజిస్ట్రేషన్ కాదు, నాకూ తెలుసు. ఫైలు నంబరైతే తెలుస్తాది కదా? ఆ నంబరు లేకనే కదా మనల్ని కుక్కల మాదిరి తిప్పుతాండేది.

చింతచెట్టు నీడ
ఈ మాటకు నేను ఎదురు చెప్పను. నంబరు తెలిస్తే గుమాస్తా ‘దొరకలేదు’ అనడం కష్టం. ఆ నంబరుకు దొంగ దారి అవసరం లేదు. డీకేటీ పట్టా ఇస్తే అసైన్‌మెంటు రిజిస్టరులో ఎక్కి తీరాలి. సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టండి, మండలాఫీసుకైతే రుసుము 5 రూపాయలు, 30 రోజుల గడువు. ‘నా భూమి 22ఏలో ఎందుకుంది’ అని అడగొద్దు, ఎందుకు అంటే జవాబివ్వరు. ‘ఫలానా సర్వే నంబరుకు సంబంధించిన అసైన్‌మెంటు రిజిస్టరు పేజీ, ఆర్‌ఎస్‌ఆర్ పేజీ, 22ఏలో చేర్చమని పంపిన లేఖ, వీటి నకళ్ళు ఇవ్వండి’ అని కాగితాల పేర్లు రాయండి. ఫైలు లేదంటే, లేదని సంతకం పెట్టి ఇవ్వమనండి. లేదని రాసివ్వడానికి మా వాళ్ళకు చెయ్యి వణుకుతుంది, అప్పుడు వెతుకుతారు.

కేసీ కాలువ గారూ, 30 రోజుల్లో పనైపోతుందని నేను చెప్పడం లేదు. మా శాఖను నేను ఎరుగుదును.

పెన్నగట్టు
సార్, ఒక సంగతి దాచినా. మా నాయన మొన్ననే పక్కింటి పిల్లోని ఫోన్‌పే నుంచి 1,499 కట్టేసినాడంట. పొద్దున చెప్పినాడు. పూర్తి ఫైలు కూడా వచ్చింది, అదే కాగితం, మసక తీసేసి. ఆధార్ మాత్రం పెట్టలేదంట, జిరాక్సు దొరకలేదని.

పొద్దుటూరు అక్క
1930కి, అదే సైబర్ మోసాల హెల్ప్‌లైనుకు ఇప్పుడే ఫోను చెయ్. ఎంత తొందరగా చేస్తే అంత మంచిది, డబ్బు ఇంకా ఏదో ఖాతాలో ఉంటే ఆపగలరు. పక్కింటి పిల్లోడే చెయ్యాల, ఖాతా వానిది కాబట్టి.

చింతచెట్టు నీడ
ఆ కాగితం ప్రింటు తీసి మండలాఫీసులో గానీ రిజిస్ట్రారు దగ్గర గానీ ఇవ్వొద్దు. దొంగ కాగితమని తెలిసి నిజమైనదిగా వాడితే నేరం, పాత ఐపీసీలో (శిక్షాస్మృతి) సెక్షన్ 471. ఇప్పుడు మీకు తెలుసు.

పెన్నగట్టు
1930కి చేసినాం, కంప్లైంటు నంబరు వచ్చింది. సోమవారం దరఖాస్తు ఇస్తున్నా. మా నాయన ఇంటి ముందర కూర్చోని ‘ఆఫీసులో అడిగినోనికి ఇచ్చిన దాంతో చూస్తే 1,499 తక్కువే’ అని గొణుగుతున్నాడు.

కేసీ కాలువ
తమ్ముడూ, ఆ సైటు పేరు నాకు మెసేజ్‌లో పెట్టు. డబ్బు కట్టను. మా నంబరు ఒకసారి కొట్టి చూస్తా, అంతే.

పెన్నగట్టు
పంపినా అన్నా. ముందు 4000 కొట్టు.