రెండు కంప్యూటర్లు ఒకదానికొకటి కనబడటం లేదు, జర్మనీలో ఉన్న వైజాగ్ వాళ్ళు కాస్త చెప్పండి

గోపాలపట్నం:
అందరికీ నమస్కారం. ఈమధ్యే వైజాగ్ నుంచి జర్మనీ వచ్చాం. ఒక ఇంట్లో పై అంతస్తులో రెండు గదులు తీసుకున్నాం, వైఫై ఓనరే ఇస్తున్నారు. నా లాప్‌టాప్ విండోస్ 11, మా ఆవిడ వాడే సెకండ్ హ్యాండ్ డెస్క్‌టాప్ విండోస్ 10. రెండింటిలోనూ ఇంటర్నెట్ బాగా వస్తోంది. కానీ ఒకదాంట్లో షేర్ చేసిన ఫోల్డర్ రెండోదాంట్లో కనబడదు, పింగ్ కొడితే, అంటే ఒకదాంట్లోంచి రెండోదాన్ని పిలిచి చూస్తే, జవాబు లేదు. అడ్రస్‌లు 192.168.179.21, 192.168.179.24. ఫైర్‌వాల్ ఆపేయమంటారా?

సీతమ్మధార:
ఆపొద్దు తమ్ముడూ. జవాబు నువ్వు రాసిన అడ్రస్‌లోనే ఉంది. అక్కడ చాలా ఇళ్ళలో ఉండే ఫ్రిట్జ్‌బాక్స్ రౌటర్ మామూలుగా ఇంటివాళ్ళకి 192.168.178తో మొదలయ్యే అడ్రస్‌లు ఇస్తుంది, అతిథుల కోసం వేరుగా ఉండే గెస్ట్ వైఫైకి 192.168.179తో. అంటే మీ ఓనర్ మీకు గెస్ట్ వైఫై ఇచ్చారు. అందులో ఉన్నవి ఇంటర్నెట్‌కి వెళ్తాయి గానీ ఒకదాన్నొకటి చూడలేవు. ఓనర్ తలుచుకుంటే ఒక సెట్టింగ్ మార్చి కలపొచ్చు. కానీ అప్పుడు అదే వైఫైలో ఉన్న పక్క గది వాళ్ళకీ మీ మిషన్లు కనబడతాయి. అందుకే నేనైతే అడగను.

రెండింటి మధ్య ఒక క్యాట్ 5ఈ రకం నెట్‌వర్క్ కేబుల్ వేసెయ్. ఒకదానికి 192.168.50.1, రెండోదానికి 192.168.50.2 అని చేత్తో ఇవ్వు, మాస్క్ 255.255.255.0. గేట్‌వే (బయటికి వెళ్ళే దారి) గడి ఖాళీగా వదిలెయ్, ఇది ముఖ్యం. అక్కడ ఏదైనా రాస్తే విండోస్ ఇంటర్నెట్ కోసం కేబుల్ వైపు వెతకడం మొదలుపెడుతుంది. ఖాళీగా ఉంటే ఇంటర్నెట్ వైఫై మీద, ఫైళ్ళు కేబుల్ మీద వెళ్తాయి. తర్వాత రెండింటిలోనూ కేబుల్ నెట్‌వర్క్‌ని ప్రైవేట్ చేసి, ఫైల్ షేరింగ్ ఆన్ చెయ్యి.

గాజువాక:
మామూలు కేబుల్ సరిపోదండీ. రెండు కంప్యూటర్లని నేరుగా కలపాలంటే ఒక కొసన తీగలు అటూ ఇటూ మార్చి కట్టిన క్రాసోవర్ కేబుల్ కావాలి. ద్వారకానగర్‌లో మేం చేయించుకున్నవన్నీ అవే.

సీతమ్మధార:
అది పాత 100 మెగాబిట్ నెట్‌వర్క్ కార్డుల కాలం మాట అన్నయ్యా. గిగాబిట్ పోర్ట్ ఏ తీగ ఎటో తనే సర్దుకుంటుంది. రెండు వైపులా అక్కర్లేదు, ఒక వైపు ఉన్నా చాలు.

గాజువాక:
డెస్క్‌టాప్ పాతదన్నాడు కదా, అందులో ఏ కార్డు ఉందో చూడకుండా ఎలా చెప్తారు? 100 మెగాబిట్‌దైతే సెకనుకి 11, 12 మెగాబైట్లే. 100 గిగాబైట్లు కాపీ చేయడానికి రెండు గంటల పైనే పడుతుంది. గిగాబిట్ అయితే, డిస్క్ అందుకోగలిగితే, పావుగంట. ముందు కార్డు చూసుకోండి.

మధురవాడ:
కేబుల్ సంగతి సరే, అది గదిలోంచి గదిలోకి ఎలా తీసుకెళ్తావు బాబూ? అది చెప్పకుండా కార్డుల గురించి కొట్టుకుంటున్నారు. మా పాత ఇంట్లో ఓనర్ నోటితో సరేనన్నాకే వరండా గోడ అంచున క్లిప్పులు అంటించి కేబుల్ లాగాం. ఖాళీ చేసే రోజు ఆయన నేనెప్పుడూ ఒప్పుకోలేదన్నారు. వరండా మొత్తానికి పెయింటింగ్ డబ్బు డిపాజిట్‌లోంచి పట్టుకుంటానన్నారు. ఎన్ని ఉత్తరాలు రాశామో! మా వారు డ్యూటీ నుంచి వచ్చి రాత్రిళ్ళు డిక్షనరీ పక్కన పెట్టుకుని రాసేవారు. చివరికి కాపాడింది, ఇంట్లో దిగిన రోజు ఓనర్, మేమూ సంతకాలు పెట్టిన యూబర్‌గాబె ప్రొటోకోల్, అంటే ఇల్లు అప్పగించేటప్పుడు దాని పరిస్థితి రాసుకునే కాగితం. అదే గోడ మీద పెచ్చులు ఊడిన మరకలున్నాయని అందులో అప్పుడే రాసుంది. డిపాజిట్‌లో చాలా భాగం వెనక్కొచ్చింది, నెలల తర్వాత.

నీ దగ్గర ఆ కాగితం లేకపోతే ఈ రోజే గోడలన్నీ ఫొటోలు తీసి, తేదీతో ఓనర్‌కి మెయిల్ చెయ్యి. హీటింగ్ లాంటి అదనపు ఖర్చులేవీ కలపని నెల అద్దెకు మూడు రెట్లకి మించి డిపాజిట్ అడగకూడదని చట్టం. ఎక్కువ తీసుకుంటే అదీ అడుగు. గోడకి మేకు కొట్టకు, ఆదివారం డ్రిల్లింగ్ అసలు పెట్టకు. తలుపు కింద నుంచి వెళ్ళే పల్చటి కేబుల్ దొరుకుతుంది, అది తీసుకో. అన్నట్టు, ఇంట్లో దిగిన రెండు వారాల్లో అన్‌మెల్డుంగ్ (ప్రభుత్వ ఆఫీసులో అడ్రస్ నమోదు) చేయించావా? ఓనర్ సంతకం పెట్టిన కాగితం కావాలి. ముందు అది చూసుకో.

పెదవాల్తేరు:
నేను తిరిగొచ్చేసి వైజాగ్‌లోనే స్థిరపడ్డాను. కేబుల్ వేసుకోమన్న మాటకి నా ఓటు. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను వచ్చి వెళ్ళాక మా వీధికి కరెంటు రావడానికి రోజులు పట్టింది, ఇంటర్నెట్ ఇంకా ఆలస్యం. కరెంటు వచ్చిన సాయంత్రం నుంచే మా ఇంట్లో రెండు కంప్యూటర్లూ కేబుల్ మీద పనిచేశాయి. ఇంట్లో నెట్‌వర్క్‌కి బయటి ఇంటర్నెట్‌తో పని లేదని పిల్లలకి అప్పుడే అర్థమైంది. కాకపోతే బీచ్ దగ్గర ఉప్పుగాలికి కనెక్టర్ పిన్నులు చిలుము పడతాయి, మీకక్కడ ఆ బాధ లేదు.

సీతమ్మధార:
సొంత ఇంట్లో వైఫై చాలండీ, గోడలు తొలిచి కేబుల్ దేనికి?

పెదవాల్తేరు:
మా అపార్ట్‌మెంట్‌లో ప్రతి ఫ్లాట్‌కీ ఒక రౌటర్ ఉంది బాబూ. సాయంత్రం ఏడు దాటాక వచ్చి వైఫై మీద ఒక పెద్ద ఫైల్ పంపి చూడండి, ఎంత నెమ్మదో తెలుస్తుంది.

గోపాలపట్నం:
అందరికీ చాలా థాంక్స్. డెస్క్‌టాప్‌లో గిగాబిట్ కార్డే ఉంది, మామూలు కేబుల్‌తోనే పింగ్ వెళ్ళింది. అక్కా, అన్‌మెల్డుంగ్ అయిపోయింది, గోడల ఫొటోలు ఇప్పుడే పంపాను. కానీ లాప్‌టాప్‌లో ఉన్న ఫోల్డర్‌ని డెస్క్‌టాప్ నుంచి తెరవబోతే పాస్‌వర్డ్ అడుగుతోంది. లాప్‌టాప్‌లో రోజూ కొట్టే పిన్ ఇస్తే తీసుకోవడం లేదు, టెన్షన్‌గా ఉంది.

సీతమ్మధార:
పిన్ ఆ ఒక్క మిషన్ ముందు కూర్చున్నప్పుడే పనిచేస్తుంది, నెట్‌వర్క్ మీద చెల్లదు. లాప్‌టాప్‌లో ఇంకో లోకల్ యూజర్‌ని పెట్టి, గట్టి పాస్‌వర్డ్ ఇచ్చి, ఆ ఒక్క ఫోల్డర్‌కి మాత్రమే అనుమతి ఇవ్వు. డెస్క్‌టాప్‌లో ఆ పేరు, పాస్‌వర్డ్ కొట్టి, గుర్తుపెట్టుకోమని టిక్ పెట్టు. ఒకవేళ ఆ లాప్‌టాప్ ఆఫీసుదైతే మాత్రం షేర్ చేయకు, ఫోల్డర్‌ని డెస్క్‌టాప్‌లోనే పెట్టు.