అర్జీ ఒకలా, వాట్సాప్ మెసేజ్ ఒకలా రాయడం ఎలా?

కోనసీమ కుర్రోడు: మాది అమలాపురం దగ్గర పల్లెటూరండి. దాళ్వాకి (రెండో పంటకి) శివారు పొలాలకి నీరందట్లేదని ఇరిగేషన్ ఆఫీసుకి అర్జీ రాయాలి, అదే విషయం మా రైతుల గ్రూపులోనూ పెట్టాలి. నేనేం రాసినా రెండూ ఒకేలా, పొడుగ్గా వస్తున్నాయి, చదివేవాళ్ళు మధ్యలోనే వదిలేస్తున్నారు. ఎలా రాయాలో చెప్పండి.

కాలవగట్టు: అర్జీలో బాధంతా ముందే చెప్పకండి. "విషయం" అనే లైన్లోనే ఊరు, కాలవ పేరు, ఎన్ని ఎకరాలు, ఏం కావాలి అన్నీ వచ్చెయ్యాలి, ఎందుకంటే కాగితం తీసుకునేవాళ్ళు ముందు చూసేది అదే. తర్వాత సర్వే నంబర్లు, ఏ తారీకు నుంచి నీరు ఆగింది, బోదె (పొలానికి నీరొచ్చే చిన్న కాలవ) ఎక్కడ పూడిపోయింది. చివర్లో ఒక్కటే కోరిక. రెండో కాపీ మీద స్టాంపు, తారీకు తప్పకుండా వేయించుకోండి, రేపు అడగాలంటే అదే ఆధారం.

లంక రైతు: గ్రూపులో ఇంత అక్కర్లేదు. "రేపు పొద్దున్న 7కి లాకుల దగ్గరకి రండి, పాసుపుస్తకం జెరాక్స్ తెండి" చాలు. పెద్దోళ్ళకి వాయిస్ పెట్టండి బాబూ, చిన్న అక్షరాలు వాళ్ళకి కనపడవు.

రావులపాలెం: అర్జీకి జవాబు రాకపోతే సమాచార హక్కు చట్టం 2005 కింద అడగండి. అక్కడ "ఎందుకు చెయ్యలేదు" అని రాస్తే లాభం లేదు, "నా అర్జీ మీద తీసుకున్న చర్యల కాపీ ఇవ్వండి" అని రాయాలి. 30 రోజుల్లో జవాబివ్వాలి.

కోనసీమ కుర్రోడు: చాలా థాంక్సండి. అది ఏ ఆఫీసుకి రాయాలి?

రావులపాలెం: మీ దగ్గర ఇరిగేషన్ ఆఫీసుకే రాయండి, వాళ్ళది కాకపోతే 5 రోజుల్లో వాళ్ళే సరైన చోటికి పంపాలి, సెక్షన్ 6(3)లో ఉంది.