తొమ్మిది నెలల పాపకి మెల్లకన్ను ఆపరేషన్: ఇప్పుడేనా, ఆగొచ్చా?

మారతహళ్ళి_అమ్మ:
మా పాపకి నాలుగో నెల నుంచీ మెల్ల. ఒకసారి ఈ కన్ను, ఒకసారి ఆ కన్ను ముక్కు వైపు లాగేస్తుంది, ఏ పూటా సరిగ్గా ఉండదు. ఎడమ పక్కనున్న గిలక్కాయని కుడి కంటితో, కుడి పక్కదాన్ని ఎడమ కంటితో చూస్తుంది. డాక్టరమ్మ ఏడాదిలోపు సర్జరీ చేయిద్దామన్నారు. నరసరావుపేట నుంచి వచ్చిన మా అత్తయ్య ఏమో "మెల్లకన్ను అదృష్టం, పెద్దయ్యాక అదే సర్దుకుంటుంది, పసిగుడ్డుకి మత్తు ఇప్పిస్తారా" అని ఒకటే గొడవ. మా ఆయన ఎటూ చెప్పరు. టెన్షన్‌తో నిద్ర పట్టట్లేదు.

గుంటూరు_మిర్చి:
అక్కా, మూడు నాలుగు నెలల దాకా కళ్ళు అటూ ఇటూ పోవడం మామూలే. కొందరికి అసలు మెల్లే ఉండదు, ముక్కు దూలం చప్పిడిగా ఉండటంతో అలా అనిపిస్తుంది. ఫ్లాష్ వేసి ఫోటో తీయండి. తెల్లచుక్క రెండు కళ్ళల్లోనూ ఒకే చోట పడుతోందా?

మారతహళ్ళి_అమ్మ:
తీశాం తమ్ముడూ. ఎడమ కంట్లో నడిమధ్య ఉంది. కుడి కంట్లో చెవి వైపు అంచుకి పోయింది.

హెబ్బాళ్_నాన్న:
అయినా తొందరెందుకండీ? యూరప్‌లో రెండేళ్ళలోపు చేసిన పిల్లల్నీ, మూడు నుంచి ఐదేళ్ళ మధ్య చేసిన పిల్లల్నీ ఆరేళ్ళప్పుడు పోల్చి చూశారు. ఈగ బొమ్మ పైకి లేచినట్టు కనిపించే పరీక్షలో ముందు చేసినవాళ్ళు 13.5 శాతం, ఆగినవాళ్ళు 3.9 శాతం పాసయ్యారు. అంటే ముందు చేసినా వందలో ఎనభై ఆరుగురికి ఆ లోతు చూపు, అంటే ఏది దగ్గరో ఏది దూరమో తెలియడం, రాలేదు! పైగా మళ్ళీ ఆపరేషన్లు వాళ్ళకే ఎక్కువ. ఆగినవాళ్ళలో కొందరికి ఆపరేషన్ అవసరమే పడలేదు. అత్తయ్యగారు మరీ తప్పేం మాట్లాడలేదు.

ఒంగోలు_అక్క:
మీ లెక్క కరెక్టే, చదివిన తీరే నచ్చలేదు. మూడింతలకు పైగా తేడా ఉంటే తీసిపారేస్తారేంటండీ? వాటంతటవే తగ్గేవి ఎక్కువగా చిన్న మెల్లలు, ఒకరోజు ఉండి ఒకరోజు లేనివి. రెండు నుంచి నాలుగు నెలల వయసులోనే పెద్దగా, ఎప్పుడూ ఉండే మెల్ల దానంతటది పోవడం చాలా అరుదని అమెరికాలో పిల్లల్ని వరసగా గమనించి చెప్పారు. ఈ పాపది ఆ రకంలాగే ఉంది.

రెండు కళ్ళ బొమ్మల్నీ కలిపే మెదడు కణాలు కుదురుకునేది మొదటి నెలల్లోనే. పిల్లికూనల మీద అది చూపించిన హ్యూబెల్, వీజెల్‌లకి 1981లో నోబెల్ ఇచ్చారు. విషయం కంటితోనే ఆగదు. మెల్ల ఉన్న పసివాళ్ళు కూర్చోవడం, వస్తువు అందుకోవడం లాంటివాటిలో కొంచెం వెనకబడతారనీ, సర్జరీ తర్వాత పుంజుకుంటారనీ డాలస్‌లో గమనించారు.

మా పెద్దాడికి మొదట చూసిన ఆస్పత్రిలో "స్కూల్లో వేసేముందు చూద్దాం" అన్నారు. ఐదేళ్ళకి చేయించాం. ఇప్పుడు ఫోటోల్లో కళ్ళు చక్కగా ఉంటాయి. కానీ బంతి విసిరితే చేతులు మూసేసరికి బంతి గుండెకి తగిలి ఉంటుంది. గ్లాసులో నీళ్ళు పోసేటప్పుడు జగ్గు మూతిని గ్లాసు అంచుకి ఆనించి మరీ పోస్తాడు.

హెబ్బాళ్_నాన్న:
మీ బాబు సంగతి బాధగానే ఉంది. మరి మత్తు మాటేంటి? 2016లో అమెరికా మందుల సంస్థ హెచ్చరించింది కదా.

ఒంగోలు_అక్క:
మూడేళ్ళలోపు పిల్లలకి మూడు గంటలు దాటిన మత్తు, లేదా మళ్ళీ మళ్ళీ ఇచ్చే మత్తు గురించండీ అది. పసిపిల్లలకి ఒక్కసారి, గంటలోపు ఇచ్చిన మత్తుతో ఐదేళ్ళకి తెలివిలో తేడా కనపడలేదని 2019లో వచ్చింది. మెల్ల సర్జరీ మామూలుగా ఓ గంట పని. రెండోసారి అవసరం పడొచ్చన్న మీ మాట మాత్రం నిజం, అది డాక్టర్ని ముందే అడగాలి. అమ్మా, చుక్కలు వేసి పవర్ చూశారా? కంటి వెనక భాగం చూశారా? అరుదే గానీ, కంటి లోపలి గడ్డ కూడా మెల్లలాగే బయటపడొచ్చు.

మారతహళ్ళి_అమ్మ:
రెండూ చూశారక్కా. ప్లస్ పవర్ కొంచెమే, అద్దాలతో మెల్ల పోదన్నారు. వెనక భాగం బాగానే ఉందట. మీరు రాసింది అత్తయ్యకి చదివి వినిపించా. జగ్గు దగ్గర ఆపి, మళ్ళీ చదవమన్నారు. "సరే, మరి పాలు ఎన్నింటికి ఆపాలట?" అని అడుగుతున్నారు.

ఒంగోలు_అక్క:
తల్లిపాలైతే మామూలుగా నాలుగు గంటల ముందు, డబ్బాపాలైతే ఆరు. మత్తు డాక్టర్ చెప్పిన టైమే ఫైనల్. పొద్దున మొదటి కేసుగా పెట్టమనండి, ఆకలికి ఏడుపు తగ్గుతుంది.