ఒకే పొర, ఫాల్ట్ పక్కన డోలమైట్, దూరంగా సున్నపురాయి: ఎలా?

జియో_తిరుపతి:
అందరికీ నమస్తే. ఎమ్మెస్సీ జియాలజీ చేస్తున్నా, సెమినార్‌కి ఈజిప్టులో సూయజ్ గల్ఫ్ ఒడ్డున ఉన్న హమ్మామ్ ఫరౌన్ ఫాల్ట్ (రాళ్లు విరిగి అటూ ఇటూ జరిగిన చీలిక) తీసుకున్నా. అక్కడ థీబ్స్ ఫార్మేషన్ అని ఈయోసీన్ కాలం సున్నపురాయి ఉంది, ఫాల్ట్ దగ్గరికొచ్చేసరికి అదే పొర గోధుమరంగు డోలమైట్ (కాల్షియంతో పాటు మెగ్నీషియం కూడా ఉన్న కార్బొనేట్ రాయి) అయిపోయింది, కాస్త దూరం పోతే మళ్లీ మామూలు సున్నపురాయే. మెగ్నీషియం లోపలికొచ్చి సగం కాల్షియం బయటికి పోయిందని ఈక్వేషన్ రాయడం వచ్చు, కానీ అంత మెగ్నీషియం ఎక్కడిది, ఫాల్ట్ పక్కనే ఎందుకు ఆగింది, కొన్ని పొరల్లో మాత్రం వేళ్లలా దూరం దాకా ఎందుకు పోయింది అన్నది తెగట్లేదు. కొంచెం వివరంగా చెప్పండి ప్లీజ్.

కోర్‌షెడ్:
తమ్ముడూ ముందు మెగ్నీషియం లెక్క వేసుకో, సగం సందేహం అక్కడే తీరుతుంది. ఒక ఘనపు మీటర్ గట్టి సున్నపురాయి 2,700 కిలోలు వేసుకో, దాన్ని మొత్తం డోలమైట్ చెయ్యాలంటే దాదాపు 330 కిలోల మెగ్నీషియం కావాలి. సముద్రపు నీళ్లు వెయ్యి లీటర్లలో ఉండేది 1.3 కిలోలే. అంటే నీళ్లు తమ దగ్గరున్నదంతా రాయికి ఇచ్చేసినా 250 ఘనపు మీటర్లకి పైనే కావాలి, నిజానికి అంతా ఇవ్వవు కాబట్టి ఇంకా చాలా ఎక్కువ. గట్టి సున్నపురాయి గుండా అన్ని నీళ్లు వాటంతట అవి ఇంకి పోవు. ఫాల్ట్ చుట్టూ రాయి నలిగి పగుళ్లిచ్చి ఉంటుంది, బోరుకి పగులు తగిలితేనే నీళ్లు పడ్డట్టు ఇక్కడ కూడా దారంతా ఆ పగుళ్లదే.

రెండోది వేడి. మామూలు 25 డిగ్రీల దగ్గర ల్యాబ్‌లో డోలమైట్ కట్టడం చాలా కష్టం. లింటన్ లాండ్ అనే ఆయన డోలమైట్ కట్టడానికి కావలసినదానికి వెయ్యి రెట్లు ఎక్కువ సాంద్రత ఉన్న ద్రావణాన్ని 32 ఏళ్లు ఉంచినా చిన్న స్ఫటికం కూడా రాలేదు, 1998లో ఆ ఫలితం పేపర్‌గా వేశాడు. అదే ల్యాబ్‌లో 200 డిగ్రీల దాకా వేడి చేస్తే రోజుల్లో వస్తుంది. సూయజ్ రిఫ్ట్ (నేల రెండు వైపులా విడిపోతున్న చోటు) కాబట్టి అక్కడ భూమి పెంకు సాగి పల్చబడింది, కింద నుంచి వేడి ఎక్కువ, సముద్రపు నీళ్లు ఫాల్ట్ల వెంట లోతుకి దిగి కాగి మళ్లీ పైకి లేస్తాయి. ఇప్పటికీ అక్కడ దాదాపు 70 డిగ్రీల వేడి నీటి ఊటలున్నాయి చూడు.

సన్నసెక్షన్:
వేళ్ల సంగతి నేను చెప్తా. ఫాల్ట్ నీళ్లని పైకి తెస్తుంది, అక్కడి నుంచి పక్కకి ఎటు పోవాలో పొర నిర్ణయిస్తుంది. రేణువులు పెద్దవిగా ఉండి మధ్యలో ఖాళీ ఉన్న పొరల్లోకి నీళ్లు దూరం పోతాయి, మెత్తటి బురద గట్టిపడ్డ పొరల్లో గుమ్మం దగ్గరే ఆగుతాయి. పైన షేల్ (బంకమట్టి గట్టిపడ్డ రాయి) మూతలా ఉంటే ఇంకా పక్కకి తోస్తుంది. మ్యాప్‌లో చూస్తే ఫాల్ట్ కాండం, పొరలు కొమ్మలు అన్నట్టు కనబడేది అందుకే.

ఫీల్డ్‌లో చల్లటి పలుచటి హైడ్రోక్లోరిక్ యాసిడ్ చుక్క వెయ్యి, సున్నపురాయి బుసబుసా పొంగుతుంది, డోలమైట్ గీకి పొడి చేస్తే తప్ప పెద్దగా పొంగదు. థిన్ సెక్షన్‌కి (మైక్రోస్కోప్ కింద చూడ్డానికి పల్చగా అరగదీసిన రాతి ముక్క) అలిజరిన్ రెడ్ రంగు పెడితే కాల్సైట్, అంటే సున్నపురాయిలో ఉండే ఖనిజం, ఎర్రగా అవుతుంది, డోలమైట్ పట్టించుకోదు. పగుళ్లలో ముఖాలు వంకర తిరిగి ముత్యంలా మెరిసే స్ఫటికాలు కనబడితే అది శాడిల్ డోలమైట్, మైక్రోస్కోప్ స్టేజ్ తిప్పుతుంటే చీకటి ఒక్కసారిగా రాదు, స్ఫటికం మీద చీపురుతో ఊడ్చినట్టు జరుగుతూ పోతుంది. అది కనబడిందంటే వేడి నీళ్ల పని అని అనుమానించొచ్చు.

రిగ్_రాజు:
దీని మీద కోట్ల డబ్బు నడుస్తుంది అన్నా, అమెరికాలో మిషిగన్ ఆల్బియన్-సిపియో ఫీల్డ్ చూడండి. 1957లో దొరికింది, ఆర్డోవిషియన్ కాలం సున్నపురాయి, అందులో ఫాల్ట్ వెంట డోలమైట్ అయిన పట్టీ పొడవు దాదాపు 48 కిలోమీటర్లు, వెడల్పు చాలాచోట్ల ఒక మైలు కూడా లేదు. పట్టీ లోపల బోరు దిగితే ఆయిల్, కాస్త పక్కకి జరిగితే గట్టి సున్నపురాయి, డ్రై హోల్. మొత్తం 10 కోట్ల బ్యారెళ్లకి పైనే తీశారు. కాల్సైట్ డోలమైట్‌గా మారితే లెక్క ప్రకారం 13 శాతం దాకా వాల్యూమ్ తగ్గి ఆయిల్ నిలిచే ఖాళీలు మిగలాలి, కానీ డోలమైట్ అంటేనే ఖాళీలు అనుకోవద్దు, నీళ్లు కార్బొనేట్ కూడా తెచ్చి అదే పనిగా పోస్తుంటే ఫాల్ట్‌కి బాగా దగ్గర్లో ఉన్న రంధ్రాలు పూడిపోతాయి.

జియో_తిరుపతి:
చాలా థ్యాంక్స్ అందరికీ, లెక్క నేనూ వేసి చూశా సరిపోయింది. మరి మన కడప బేసిన్‌లో వేంపల్లె డోలమైట్ కూడా ఇలా ఫాల్ట్ల వల్లేనా? పులివెందుల వైపు చిన్న ఫాల్ట్లు చాలానే ఉన్నాయి కదా.

సన్నసెక్షన్:
వద్దు, అలా రాయకు. ఆకారం చూడు, తుమ్మలపల్లె యురేనియం ఉన్న డోలమైట్ పట్టీయే 160 కిలోమీటర్లు పొరని పట్టుకుని పోతుంది, ఫాల్ట్‌కి దూరమైతే సున్నపురాయిగా మారిపోవడం అక్కడ లేదు. స్ట్రొమటోలైట్ల (సూక్ష్మజీవుల పొరలు ఒకదానిమీద ఒకటి పేరుకుని ఏర్పడ్డ రాళ్లు) సన్నటి చారలు కూడా చెడకుండా నిలిచాయి, అంటే లోతు తక్కువ ఉన్న సముద్రంలో చాలా తొందరగా మారి ఉండాలి. పులివెందుల దగ్గర వేడి నీళ్ల పని వేరే రకం, వేంపల్లెలోకి చొచ్చుకొచ్చిన డోలరైట్ సిల్ (పొరల మధ్యకి దూరి గట్టిపడ్డ లావా లాంటి రాతి పలక) పక్కన అప్పటికే ఉన్న డోలమైట్‌ని సిలికా ఉన్న వేడి ఫ్లూయిడ్ సర్పెంటైన్ అనే మెగ్నీషియం ఖనిజంగా మార్చింది, బ్రాహ్మణపల్లె ఆస్బెస్టాస్ అక్కడిదే.

పక్కన ఫాల్ట్ ఉందన్న ఒక్క కారణంతో హైడ్రోథర్మల్ (వేడి నీళ్ల వల్ల ఏర్పడింది) అనేయడం నాకు అస్సలు నచ్చదు. స్ఫటికంలో ఇరుక్కున్న ద్రవపు బుడగని హీటింగ్ స్టేజ్ మీద కొలిస్తే కనీసం ఎంత వేడిలో కట్టిందో తెలుస్తుంది, అప్పుడు ఆ లోతులో చుట్టూ రాయి ఉన్న వేడి కంటే అది ఎక్కువని చూపిస్తేనే ఆ మాట వాడాలి. సెమినార్‌లో హమ్మామ్ ఫరౌన్ మ్యాప్ పక్కన వేంపల్లె మ్యాప్ పెట్టు, తేడా వాళ్లకే కనబడుతుంది.