డాబా అంటే ఏ కప్పు? ‘డయాఫ్రం’కు తెలుగు మాట కావాలి

మాది నాందేడ్ జిల్లా దెగలూరు. ఊళ్లో తెలుగు మేస్త్రీల కోసం భూకంపాన్ని తట్టుకునే ఇళ్ల మీద నాలుగు పేజీలు రాస్తూ ‘ఫ్లోర్ డయాఫ్రం’ (భూకంపపు ఊపును గోడలకు పంచే అంతస్తు పలక) దగ్గర ఆగిపోయాను. ‘విభాజక పటలం’ అని రాస్తే, అది ఊపిరితిత్తుల కింది కండరం పేరు కాబట్టి, మేస్త్రీ నన్ను డాక్టరు దగ్గరికి పంపుతాడు. మరో మాట చెప్పండి.

— ‘కప్పు’ చాలదా అండీ?

— చాలదు. కప్పేది కప్పు, అంతే. ఇక్కడ కావలసింది గోడలను కలిపి పట్టుకునేది. నేల అడ్డంగా ఊగినప్పుడు కాంక్రీటు స్లాబు ఒకే పలకలా కదిలి, గట్టి గోడకు ఎక్కువ, మెత్తని గోడకు తక్కువ తోపు పంచుతుంది. దూలాల మీద చెక్కలు పరిచిన కప్పు అయితే నడుమ విల్లులా వంగుతుంది. గోడల గట్టిదనాన్ని బట్టి పంపకం ఉండదు, ఊపుకు ఎదురుగా నిలిచిన గోడ బయటికి ఒరుగుతుంది. వదులైన నులక మంచాన్ని మూల పట్టుకుని లాగి చూడండి, పట్టెలు పక్కకు వాలతాయి. అదే చట్రానికి బల్ల బిగిస్తే కదలదు.

— అయితే ‘డాబా’ అనండి, అందరికీ తెలుసు.

— అక్కడే ప్రమాదం, మాస్టారూ! మీకు డాబా అంటే స్లాబు. మా పక్కింటి మరాఠీవాళ్లకు ‘ధాబ్యాచే ఘర్’ అంటే చెక్కల మీద మట్టి పోసిన ఇల్లు, మన మిద్దె లాంటిది. 1993 సెప్టెంబరు 30 తెల్లవారుజామున వచ్చిన భూకంపంలో లాతూరు జిల్లా కిల్లారి చుట్టుపక్కల కూలినవి ఎక్కువగా అలాంటివే: మట్టితో పేర్చిన మందపాటి రాతి గోడలు, నెత్తిన మట్టి బరువు. కొన్ని ఇళ్లలో కర్ర స్తంభాలూ దూలాలూ నిలిచే ఉన్నాయి, గోడలే రాలిపోయాయి. కప్పు ఉంది, గోడలను పట్టుకోలేదు.

— ‘బిగికప్పు’, ‘వదులుకప్పు’ అంటే? బిగికౌగిలి ఉన్న భాషలో బిగికప్పు ఎబ్బెట్టుగా ఉండదు.

— బాగుంది! ‘వదులుకప్పు ఉంటే గోడల నెత్తిన చుట్టూ కాంక్రీటు పట్టీ వేయాలి, బిగికప్పుకు విడిగా ఆ పట్టీ అక్కర్లేదు’ అని రాసేశాను. సాయంత్రం మేస్త్రీకి చదివి వినిపించాను. రెండు మాటలకూ తలూపాడు. ‘డాబా’ అన్న చోట మాత్రం పక్కన బొమ్మ వేయమన్నాడు.