చదవని రాతకు రెండో పుస్తకం రావాలా?

కాకిరాజు1434:
సుజానా క్లార్క్ రాసిన ‘జొనాథన్ స్ట్రేంజ్ అండ్ మిస్టర్ నోరెల్’ నవల 2004లో వెలువడింది. అదే లోకానికి చెందిన కథల సంపుటి 2006లో, వేరే లోకానికి చెందిన ‘పిరనేసి’ 2020లో వచ్చాయి గానీ, ఈ నవలకు కొనసాగింపు మాత్రం నేటికీ రాలేదు. నేను దీన్ని ఐదుసార్లు చదివాను. ప్రతిసారీ చివరి అధ్యాయంలో ఒకే చోట ఆగిపోతాను. ఒక మాంత్రికుడి దగ్గర పనిచేసిన చిల్డర్‌మాస్, వీధి మాంత్రికుడైన వింక్యులస్‌ను యార్క్ మాంత్రికుల సభ ముందు నిలబెట్టి, అతని ఒంటి మీది రాత మారిపోయిందనీ, అది ఒకప్పుడు ఉత్తర ఇంగ్లండును ఏలిన మాంత్రికుడు కాకిరాజు గ్రంథమనీ చెబుతాడు. ఆ రాతను చదవగలవాడు సభలో ఒక్కడూ లేడు. ఒక గ్రంథాన్ని మన కళ్లముందు తెరిచి, ఒక్క వాక్యమైనా వినిపించకుండా ముగించిన నవలను సంపూర్ణమని నేను ఒప్పుకోలేను.

అద్దం వెనుక:
సంపూర్ణమే. ఇంగ్లండులో మంత్రవిద్య ఎందుకు అంతరించిందని ఒక కొత్త సభ్యుడు యార్క్ సభలో అడగడంతో నవల మొదలవుతుంది. పదేళ్ల కథాకాలం గడిచాక, మంత్రవిద్య తిరిగి వచ్చిన ఇంగ్లండులో, మళ్లీ అదే ఊరి సభకు మనల్ని తీసుకువస్తుంది. అడిగిన ప్రశ్నకు జవాబు దొరికింది. రాత చదవలేకపోవడం కొరత కాదండీ, కొత్త తరానికి అప్పగించిన పని.

మూడో ముద్రణ:
నేను ఫుట్‌నోట్లు వదిలేసి చదివాను. నాకు ఏ లోటూ తోచలేదు.

కాకిరాజు1434:
మూడో ముద్రణ గారూ, లోటు తోచకపోవడానికి కారణం మీరే చెప్పారు. దాదాపు రెండు వందల ఫుట్‌నోట్లు వదిలేస్తే కాకిరాజు కథలో సగం పోయినట్టే. 1111 నుంచి ఉత్తర ఇంగ్లండును మూడు వందల ఏళ్లకు పైగా ఏలి, 1434లో వెళ్లిపోయిన రాజు గురించి మనకు తెలిసినదాంట్లో ఎక్కువ భాగం ఆ చిన్న అక్షరాల్లోనే ఉంది. నేను ప్రతి ఫుట్‌నోటునూ ఒక నోటుపుస్తకంలో ఎక్కించి, ముగిసిన కథ ఏదో, దారి మధ్యలో ఆగినది ఏదో గుర్తు పెట్టుకున్నాను. ఒకసారి పాఠకుల సమావేశంలో ఆ జాబితా చదివితే, పెద్దవాళ్ల నవలను పిల్లల బొమ్మలాగా ఇంకా కావాలని మారాం చేస్తున్నానని అందరి ముందూ అన్నారు. ఆ బృందంలోకి నేను మళ్లీ వెళ్లలేదు. ప్రేమించిన పుస్తకాన్ని శ్రద్ధగా చదవడం మారాం ఎలా అవుతుందో ఎవరైనా చెప్పాలి.

అద్దం వెనుక:
మీ శ్రద్ధను నేను తప్పుపట్టడం లేదు. అయితే ఫుట్‌నోటు వాగ్దానం కాదు. ఒక దేశానికి వెనుక ఎంత చరిత్ర ఉందో చూపడానికి పెట్టినవి అవి. చరిత్రలో చాలా సంగతులకు ముగింపు ఉండదు.

కాకిరాజు1434:
ఫుట్‌నోటు వాగ్దానం కాదన్నారు, సరే. మరి వింక్యులస్ ఒళ్లు ఫుట్‌నోటు కాదు కదా? తండ్రి పందెంలో తినేసిన గ్రంథం కొడుకు చర్మం మీద పుట్టడం, అతను ఉరి నుంచి బతికి లేచేసరికి ఆ రాత మారడం, ఇవన్నీ అసలు కథలోనే ఉన్నాయి. రచయిత్రి కూడా చిల్డర్‌మాస్, వింక్యులస్‌లతో తర్వాతి కథ రాయాలనుకున్నట్టు చెప్పారు. పదహారేళ్ల తర్వాత వేరే నవల రాయగలిగినవారు దీన్ని ఎందుకు రాయలేరన్నది న్యాయమైన ప్రశ్నే.

అద్దం వెనుక:
ఆ చివరి వాక్యం న్యాయమైనది కాదు. ఆమె 2005లో జబ్బుపడ్డారు. దీర్ఘకాలిక అలసట వ్యాధి అని తర్వాత తానే చెప్పారు. పెద్ద నవల మోయలేని స్థితిలో, తక్కువ పాత్రలున్న ‘పిరనేసి’ని ఎంచుకున్నారు. నాకూ అదే జబ్బు. ఒక పూట ఉత్తరం రాస్తే రెండు రోజులు మంచం మీద ఉండాలి. “ఆ పని చేయగలిగావు, ఈ పని ఎందుకు చేయలేవు” అని నన్ను ఇంట్లోవాళ్లు, స్నేహితులు ఆరేళ్లుగా అడుగుతున్నారు. మీరు అడిగింది అదే ప్రశ్న, అదే గొంతుతో.

నిదానం:
ఇద్దరూ కాస్త ఆగితే బాగుంటుంది.

కాకిరాజు1434:
ఆ వాక్యం వెనక్కి తీసుకుంటున్నాను. ఆమె జబ్బు గురించి తెలిసి కూడా రాశాను, అది తప్పు. కానీ ఆ ఒక్క వాక్యం తప్పయినందుకు నవల సంపూర్ణమైపోదు.

అద్దం వెనుక:
మీరు రాసినవన్నీ మళ్లీ చదివాను. పుస్తకం పేరులో తప్ప ఇంకెక్కడా స్ట్రేంజ్ పేరు గానీ నోరెల్ పేరు గానీ మీరు ఎత్తలేదు. నాకు ఈ నవల అంటే వాళ్లిద్దరే. శిష్యుడు స్ట్రేంజ్ రాసిన పుస్తకాన్ని గురువు నోరెల్ మాయం చేసేటంతగా పగబట్టి, చివరికి ఒకే శాపపు చీకటిలో విడిపోలేనంత దగ్గరగా చిక్కుకుని, నోరెల్ ఇంట్లోనే కలిసి చదువుకునే గురుశిష్యులు. ఆ చీకటి అంచున స్ట్రేంజ్ తన భార్య అరబెల్లాను, తన కోసం శోకించకుండా సుఖంగా ఉండమని చెప్పి వెళ్లిపోతాడు. ఆ చీకటిని తొలగించే కథ రాస్తే, ఆ వీడ్కోలుకు ఉన్న బరువు పోతుంది. రెండో పుస్తకం వద్దని నేను అనేది అందుకు.

కాకిరాజు1434:
ఇప్పుడు అర్థమైంది. నాకు వాళ్లిద్దరూ తలుపు తెరిచినవారు మాత్రమే. తలుపు అవతల ఎవరున్నారన్నదే నా కథ. మీరు నవల అంటున్నది ఒకదాన్ని, నేను నవల అంటున్నది మరొకదాన్ని. ఇన్ని మాటలూ ఫుట్‌నోట్ల మీదికి అనవసరంగా మళ్లాయి.

మూడో ముద్రణ:
చివరి అధ్యాయం ఇప్పుడు ఫుట్‌నోట్లతో సహా చదివాను. ఆ యార్క్ సభ కూడా స్ట్రేంజ్ పక్షం, నోరెల్ పక్షం అని విడిపోయే ఉంది.

కాకిరాజు1434:
ఆ సభలో నేను చిల్డర్‌మాస్ పక్కన నిలబడతాను. ఆ రాతను ఎవరో ఒకరు చదవాలి.