జపనీస్ చదవడం వచ్చింది, పలికితే మాత్రం వాళ్లకు అర్థం కావట్లేదు

అలిపిరి_అమ్మాయి:
అందరికీ నమస్కారం. మాది తిరుపతి, నర్సింగ్ అయిపోయింది. స్పెసిఫైడ్ స్కిల్డ్ వర్కర్ వీసా మీద కేర్‌గివర్‌గా జపాన్ వెళ్లాలని జపనీస్ నేర్చుకుంటున్నాను. డిసెంబరులో చెన్నై వెళ్లి జపనీస్ భాషా పరీక్ష జేఎల్‌పీటీలో ఎన్4 లెవెల్ రాశా, పాసయ్యా కూడా. ఆ పరీక్షలో చదవడం, వినడమే తప్ప మాట్లాడే భాగం ఉండదు కదా, ఇప్పుడు వీడియో ఇంటర్వ్యూకి ప్రాక్టీస్ మొదలుపెడితే అసలు సంగతి బయటపడింది. నేనేం చెప్పినా అవతల జపాన్ మేడమ్ మళ్లీ చెప్పండి, మళ్లీ చెప్పండి అంటున్నారు. కోచింగ్‌లో అంతా ఇంగ్లిష్ అక్షరాల్లోనే రాయించి నేర్పారు. ఇంటర్వ్యూ వచ్చే నెలే, చాలా టెన్షన్‌గా ఉంది. ఎక్కణ్నుంచి మొదలుపెట్టాలో తెలిసినవాళ్లు చెప్పండి ప్లీజ్.

శ్రీసిటీ_షిఫ్ట్:
చెల్లెమ్మా, ముందు ఆ ఇంగ్లిష్ అక్షరాల నోట్సు పక్కన పెట్టేయ్. శ్రీసిటీలో జపాన్ కంపెనీలో నా ఉద్యోగం, రోజూ వాళ్లతోనే మాటలు. మనవాళ్లు ఎక్కువగా దెబ్బతినేది అక్కడే. 'టి' కనబడితే ట అనేస్తాం, 'డి' కనబడితే డ అనేస్తాం, జపనీస్‌లో ఉన్నవి త, ద. అరిగాటో కాదు, అరిగతో. గ పొట్టి, తో పొడుగు. అలాగే డెసు కాదు, దెస్, చివరి ఉ వినీ వినపడనట్టు పోతుంది. మన మాటలు చాలావరకు అచ్చుతో ముగుస్తాయి కాబట్టి ఆ ఉ నోట్లోంచి దానంతటదే వచ్చేస్తుంది, దాన్ని ఆపుకోవడం అలవాటు చేసుకో. ఇంకోటి, ఫు అనేటప్పుడు పై పళ్లు కింది పెదవికి తగలకూడదు, వేడి కాఫీ ఊదినట్టు రెండు పెదాల మధ్య నుంచి గాలి రావాలి.

చిత్తూరు_తెలుగు_మేష్టారు:
అమ్మా, తెలుగు పాఠాలు చెప్పి రిటైరైనవాణ్ని, ఇప్పుడు ఇష్టంగా జపనీస్ నేర్చుకుంటున్నాను. నువ్వు కష్టమనుకుంటున్న వాటిలో చాలా శబ్దాలు నీ నోట్లో ఇప్పటికే ఉన్నాయి. ఇంగ్లిష్‌లో టి, ఎస్, యు కలిపి రాసి నేర్పే అక్షరం వేరే ఏమీ కాదు, చుక్క అన్నప్పుడు మనం పలికే చు. పాత నిఘంటువుల్లో దీన్ని ౘ అని గుర్తు పెట్టి రాసేవారు. చిలకలో చి వేరు, చుక్కలో చు వేరు, జపనీస్‌లోనూ ఇదే తేడా. సున్న కూడా అంతే. పంపులో మకారంగా, పంకాలో ఙకారంగా మారిపోతుంది కదా, వాళ్ల 'న్' కూడా పక్క అక్షరాన్ని బట్టి అలాగే మారుతుంది. నర్సింగ్‌ను వాళ్లు కంగొ అంటారు, నడకకు వెళ్లడాన్ని సంపొ అంటారు. రెంటినీ సున్నతో రాసుకుని చదువు, సరిపోతుంది.

అసలు కీలకం మాత్రల్లో ఉంది. బడిలో లఘువుకు ఒక మాత్ర, గురువుకు రెండు అని లెక్కపెట్టావు కదా, వాళ్ల హైకూ అనే చిన్న కవితలో 5-7-5 కూడా ఆ లెక్కే. దీర్ఘమైనా, ఒత్తు ముందున్న అక్షరమైనా, సున్న ఉన్నా, పొల్లు ఉన్నా రెండు మాత్రలు. నీకు రోజూ పనికొచ్చే మాటే తీసుకో. బ్యోఇన్ అంటే ఆసుపత్రి, బ్యో రెండు, ఇన్ రెండు, మొత్తం నాలుగు. బియోఇన్ అంటే బ్యూటీ పార్లర్, ముందు బి ఒకటి ఎక్కువ, అయిదు. వేళ్ల మీద తట్టుకుంటూ చెప్పు. ఒబసన్ అంటే అత్త, పిన్ని వరుస, ఒబాసన్ అంటే అవ్వ. ఒక్క మాత్ర తేడాకు వరుసే మారిపోతుంది, ఇక్కడ మాత్రం ఏమరుపాటు పనికిరాదు.

ఒసాకాలో_మనోడు:
మేష్టారు చెప్పింది నూటికి నూరుపాళ్లు నిజం. నేను ఒకటే కలుపుతా, స్వరం ఎత్తడం దించడం గురించి ఇప్పుడే బెంగ పెట్టుకోవద్దు. టోక్యోలో హశి అనేటప్పుడు హ ఎత్తితే అన్నం తినడానికి వాడే పుల్లలు, శి ఎత్తితే వంతెన. మా ఒసాకాలో అది సరిగ్గా తిరగబడుతుంది, అయినా ఒకళ్ల మాట ఒకళ్లకు అర్థమవుతూనే ఉంది. మాత్ర తప్పితే మాత్రం ఎవరికీ అర్థం కాదు. ఓజాడ్ అని టోక్యో యూనివర్సిటీ వాళ్ల ఉచిత వెబ్‌సైట్ ఉంది, నీ పరిచయ వాక్యాలు అందులో పేస్ట్ చేస్తే స్వరం ఎక్కడ లేస్తుందో ఎక్కడ దిగుతుందో గీత గీసి చూపిస్తుంది, అంతవరకు చాలు. మిగతా టైమంతా షాడోయింగ్‌కి పెట్టు. చిన్న ఆడియో ముక్క తీసుకుని, అది ఆగేదాకా ఆగకుండా దాని వెనకాలే పలుకుతూ పో, ఫోన్‌లో రికార్డ్ చేసి రెండూ పక్కపక్కన విను. కొత్త ముక్క కోసం తొందరపడకు, ఒకే ముక్కను వాళ్ల వేగం వచ్చేదాకా పట్టుకో.

అలిపిరి_అమ్మాయి:
అందరికీ చాలా థాంక్స్. మేష్టారూ, వేళ్లతో తడుతుంటే బ్యోఇన్ తేడా నాకే వినపడింది! ఇంకొక్కటి అడుగుతా, ఇంటర్వ్యూ మొదట్లోనే ఎక్స్‌క్యూజ్ మీ లాగా మర్యాదకి అనాల్సిన 'సిట్సురేయ్ షిమాసు' దగ్గరే తడబడుతున్నా.

శ్రీసిటీ_షిఫ్ట్:
శిౘురే శిమస్. మొదటి శిలో ఇ దాదాపు వినపడదు, గాలి మాత్రమే. తర్వాత మేష్టారి చుక్కలో చు. రే పొడుగు, చివర యకారం వద్దు. మ పొట్టి, చివర స్ దగ్గర ఆగిపో. ర అనేటప్పుడు నాలుక ఒక్కసారే తగలాలి, కర్రలోలా ఒత్తొద్దు. రికార్డ్ చేసి ఇక్కడే పెట్టు, వింటాం.